కడలిమీద బాట: ఓడల తాకిడిని వారించే నియమాలు, వాటి చదువు

నేలమీది బాటకు ఇరువైపులా హద్దులు ఉంటవి. బండ్లు పోయిన గాడి ఉంటుంది. ఓడ పోయిన జాడ మాత్రం ఓడ దాటిన వెంటనే చెరిగిపోతుంది. అంత విశాలమైన నీటిమీద రెండు ఓడలు ఒకదానికొకటి తగలడమేమిటని సముద్రం ఎరుగనివారికి తోచవచ్చు. కాని ఓడలు సముద్రమంతటా సమంగా చెదరి ఉండవు. రేవుల ముఖద్వారాలు, జలసంధులు, దీపస్తంభాలు నిలిచిన అగ్రాలు, చేపలు దండిగా దొరికే తావులు, వీటి దగ్గర అవి గుమిగూడుతవి. అక్కడ రాత్రివేళ ఎదురుపడిన రెండు ఓడల నాయకులు ఒకరినొకరు ఎరుగరు. ఒకరి భాష ఒకరికి రాకపోవచ్చు. మాట చెప్పుకొనే వ్యవధి అసలే ఉండదు. అయినప్పటికీ ఎదుటివాడు ఏమి చేయబోతాడో ఇద్దరికీ ముందుగానే తెలిసి ఉండవలె. ఈ తెలివిడిని కల్పించేవే నౌకామార్గ నియమాలు. వాటికి వ్రాతరూపం వచ్చి ఇంకా రెండు వందల ఏండ్లు కాలేదు. ఆ నియమాలు ఎట్లు ఏర్పడినవన్నది ఒక కథ. వాటిని నేర్చుకొనే అవకాశం ఎవరికి దక్కినది, ఎవరికి దక్కలేదన్నది మరొక కథ. భారతదేశ నౌకాచరిత్రలో ఈ రెండింటిని విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

మన ప్రాచీన ధర్మశాస్త్రాలు పడవలను మరచిపోలేదు. పడవవారి తప్పువల్ల ప్రయాణికుల సొత్తు చెడితే ఆ నష్టాన్ని వారందరూ తలా కొంత వేసుకొని చెల్లించవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం విధించినది. దైవవశాన జరిగినదానికి మాత్రం దండన లేదన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నావధ్యక్షుడనే అధికారికి ఒక ప్రకరణమే కలదు. పెద్ద నదులలో తిరిగే నావలకు శాసకుడు, నియామకుడు, త్రాళ్లు పట్టేవారు, నీరు తోడేవారు ఉండవలెననీ, మనుషులుగాని పరికరాలుగాని చాలక నావ చెడితే ఆ నష్టం నావధ్యక్షుడే పెట్టుకోవలెననీ అందులో ఉన్నది. తెలుగునాట కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనం వేయించినాడు. గాలివానకు కొట్టుకొనివచ్చి ఒడ్డునపడిన ఓడల సరుకును పూర్వరాజులు బలాత్కారంగా తీసుకొనేవారనీ, ఇకమీదట నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబడదనీ ఆ శాసనం సముద్రవర్తకులకు మాట ఇచ్చినది.

ఇవి ఉదాత్తమైన విధులే. కాని వీటి దృష్టి ఆపద జరిగిన తరువాతి స్థితిమీదనే నిలిచినది. తప్పు ఎవరిది, నష్టం ఎవరు భరించవలె, ఒడ్డుకు వచ్చిన సొత్తు ఎవరికి చెందవలె, ఇవీ వాటి ప్రశ్నలు. ఆపదకు ముందటి క్షణాన ఇద్దరిలో ఎవరు తొలగవలె, ఎటు తొలగవలె అన్న ప్రశ్న శాస్త్రానికి ఎక్కలేదు. అది నావికుల అనుభవానికి వదలివేయబడినది.

ఆ అనుభవం సామాన్యమైనది కాదు. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీలో ఓడ సిబ్బంది పట్టిక ఒకటి కలదు. ఓడకు ప్రభువు నాఖుదా. లోతులు, మెరకలు, నక్షత్రగతులు తెలిసి ఓడను గమ్యం చేర్చేవాడు ముఅల్లిం. కళాసులకు పెద్ద తండేలు. చుక్కాని పట్టేవాడు సుక్కాన్‌గీర్. స్తంభం కొన నెక్కి నేలనుగాని, మరొక ఓడనుగాని, రాబోయే తుఫానునుగాని చూచి కేకవేసేవాడు పంజరీ. ముఅల్లిం అనే అరబ్బీ మాటకు గురువు అని అర్థం. హిందీలో తెలిసినదని చెప్పే మాలూమ్ అనే మాటకూ ధాతువు ఇదే. తమిళులు నావికుని నేటికీ మాలుమి అంటారు. తెలుగులోని చుక్కాని, సరంగు అనే మాటలు ఈ హిందూమహాసముద్రపు ఉమ్మడి భాషలోనివే. ఉత్తరాంధ్ర తీరపు మత్స్యకారులలో తండేలు అనే పేరు ఇంకా వాడుకలో ఉన్నది. ఓడను నడపడం తెలిసినవాడే గురువన్న భావన ఈ పదాలలో నిక్షిప్తమై ఉన్నది. ఆ విద్యకు పాఠశాల ఓడయే. చిన్నవాడు పెద్దవాని ప్రక్కన నిలిచి చూచి నేర్చుకొనేవాడు.

తెరచాపల కాలంలో వ్రాసిన నియమం లేకున్నా ఆచారం ఉండేది. గాలికి ఎదురొరసి కష్టంమీద పోయే ఓడకు, గాలివాలున సునాయాసంగా పోయే ఓడ దారి ఇవ్వవలె. సులువుగా కదలగలవాడు కదలలేనివానికి తొలగడమే దీని సారం. గాలి ఇద్దరికీ ఒక్కటే కనుక, ఎదుటి ఓడ ఎటు తిరగగలదో, ఎటు తిరగలేదో తెరచాపను చూడగానే తెలిసిపోయేది. 19వ శతాబ్దంలో ఆవిరియంత్రం వచ్చి ఈ తెలివిడిని భగ్నం చేసినది. పొగయోడ గాలిని లెక్కచేయదు; ఎటునుంచి ఎటైనా, ఎంత వేగంతోనైనా రాగలదు. దాని ఉద్దేశాన్ని చెప్పే తెరచాప లేదు. గాలి చెప్పే మాటను మనుష్యులే ఒడంబడిక చేసుకొని చెప్పవలసిన అవసరం అప్పుడు వచ్చినది.

1840లో లండనులోని ట్రినిటీ హౌస్ అనే నావికసంస్థ పొగయోడలకు ఒక నియమం ప్రకటించినది. ఎదురుపడిన రెండు ఓడలూ ఒకదానినొకటి ఎడమచేతివైపు ఉంచుకొని దాటిపోవలెనన్నది దాని సారం. 1846లో బ్రిటిష్ పార్లమెంటు దానికి చట్టబలం ఇచ్చినది. 1848లో పొగయోడలకు రాత్రిదీపాలు నిర్ణయింపబడినవి: ఎడమప్రక్క ఎరుపు, కుడిప్రక్క ఆకుపచ్చ, స్తంభంమీద తెలుపు. పదేండ్ల తరువాత తెరచాప ఓడలకూ ప్రక్కదీపాలు వచ్చినవి. 1863లో ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి ఒక నియమావళిని సిద్ధం చేయగా, కొద్దికాలంలోనే ముప్పదికి పైగా సముద్రరాజ్యాలు దానిని అంగీకరించినవి. 1889లో వాషింగ్టనులో జరిగిన మహాసభ దానిని సవరించినది. ఒక రాజ్యపు శాసనం చెల్లని నడిసముద్రంమీద అన్ని రాజ్యాల నావికులకూ ఒకే ధర్మం ఏర్పడినది.

ఆ ధర్మంలోని ముఖ్యాంశాలు కొద్దివే. రెండు యంత్రపు ఓడలు సూటిగా ఎదురుపడితే రెండూ కుడికి తిరగవలె. అడ్డంగా వచ్చి దారులు కలిసేటట్లుంటే, ఎదుటి ఓడ తనకు కుడివైపున ఉన్నవాడు తొలగవలె. వెనుకనుంచి వచ్చి దాటేవాడు ముందువానికి తొలగవలె. యంత్రపు ఓడ తెరచాప ఓడకు తొలగవలె. ఇద్దరిలో ఒకరు తొలగవలసినప్పుడు రెండవవాడు తన దారినీ వేగాన్నీ మార్చకుండా నిలకడగా పోవలె. ఈ చివరి అంశం మొదటివాటికంటె తక్కువది కాదు. తొలగేవానికి ఆధారం రెండవవాని నిలకడయే. ఇద్దరూ ఒకేసారి మర్యాదకు పోయి ప్రక్కకు తిరిగితే, ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు బాటసారుల వలె మళ్లీ ఒకరికొకరు అడ్డమే అవుతారు.

దీపాల అమరికలో ఒక చక్కని క్షేత్రగణితం ఉన్నది. ఆకుపచ్చ దీపం సూటిగా ముందునుంచి మొదలై కుడివైపున 112.5 డిగ్రీల మేర మాత్రమే కనబడుతుంది; ఎర్రదీపం ఎడమవైపున అంతే మేర. స్తంభంమీది తెల్లదీపం ఈ రెండింటి మేరను కలుపుకొని 225 డిగ్రీలు వెలుగుతుంది. మిగిలిన 135 డిగ్రీలు వెనుకటి తెల్లదీపానివి. వృత్తం పూర్తి అయినది. కనుక కటికచీకటిలో ఓడ రూపు కనబడకపోయినా అది ఎటు తిరిగి ఉన్నదో దీపాలు చెబుతవి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిసి కనబడితే అది ఎదురుగా వస్తున్నది. తనకు కుడివైపున ఎరుపు కనబడితే తొలగవలసినవాడు తానే. ఎడమవైపున ఆకుపచ్చ కనబడితే తొలగవలసినవాడు ఎదుటివాడు. దీపాలు కానరాని పొగమంచులో కొమ్ము మ్రోగుతుంది. కదలుతున్న యంత్రపు ఓడ రెండు నిమిషాలకు మించని వ్యవధితో ఒక దీర్ఘధ్వని చేయవలె.

నియమం ఏర్పడగానే తాకిడులు ఆగలేదు. 1878 సెప్టెంబరు 3వ తేదీ సాయంకాలం లండను సమీపాన థేమ్సు నదిలో ప్రిన్సెస్ ఆలిస్ అనే విహారనౌకను బైవెల్ కాసిల్ అనే సరుకుల ఓడ ఢీకొన్నది. ఆరువందల మందికి పైగా చనిపోయినారు. ఆ నదిలో చిన్న ఓడలవారు ప్రవాహపు వేగం తక్కువగా ఉండే ఒడ్డును చేరి పోయే వాడుక ఒకటి ఉండేది. ఒక ఓడ ఎటు పోతుందని రెండవది తలచినదో, అది అటు పోలేదు. వ్రాసిన నియమం ఒకటి, స్థానికమైన వాడుక ఒకటి ఉన్నచోట రెండూ లేనిచోటికంటె ప్రమాదం ఎక్కువన్న పాఠం ఆనాడు తేలినది. నియమం ఉండడం చాలదు. దానిని అందరూ ఒకే విధంగా నేర్చి ఉండవలె.

ఈ నేర్పు కొరకు ఆ కాలంలో ప్రధానంగా వాడిన సాధనం కంఠస్థం. బ్రిటిష్ వాణిజ్యశాఖ ఉద్యోగి థామస్ గ్రే 1867లో వెలువరించిన చిన్న పుస్తకంలో ముఖ్యనియమాలను చిన్న పద్యాలుగా కట్టినాడు. అవి తరతరాల విద్యార్థుల నోట నానినవి. అమరకోశాన్ని, ఎక్కాలను వల్లెవేయించిన మన వీధిబడుల పద్ధతి తెలిసినవారికి ఇందులో వింత కనబడదు. అపాయవేళ పుస్తకం విప్పి చూచే వ్యవధి ఉండదు. నోటికి వచ్చినదే చేతికి అందుతుంది.

అయితే ఈ చదువు భారతీయ నావికునికి అందలేదు. తూర్పుదేశాలకు తిరిగిన బ్రిటిష్ ఓడలమీద వేలకొలది భారతీయ కళాసులు పనిచేసినారు, వారినే లస్కర్లన్నారు. వారికి ఆజ్ఞలు ఇవ్వడానికి ఇంగ్లీషు అధికారులే ఒక మిశ్రమ హిందుస్తానీని నేర్వవలసి వచ్చినది. 1811లో థామస్ రోబక్ కలకత్తాలో ప్రకటించిన ఇంగ్లీషు హిందుస్తానీ నౌకానిఘంటువు ఇందుకు సాక్ష్యం. ఆ భాషలో ఓడ కుడిప్రక్కను జమ్నా అనీ, ఎడమప్రక్కను దావా అనీ అనేవారు. గుజరాతీలో కుడిఎడమలకు చెప్పే మాటలకు ఇవి దగ్గరివి. అరబ్బీ, పోర్చుగీసు, గుజరాతీ, బంగ్లా మాటలు కలిసిన ఆ భాష ఆజ్ఞలకు చాలినది. శాస్త్రానికి దానిని వాడలేదు. నియమావళి ఇంగ్లీషులో ఉన్నది. పరీక్ష ఇంగ్లీషులో ఉన్నది. 1823లో వచ్చిన బ్రిటిష్ చట్టం లస్కర్లను బ్రిటిష్ నావికులతో సమానులుగా లెక్కించలేదు.

ఇందులోని వైపరీత్యాన్ని గమనించవలె. ఓడ ముందుభాగాన నిలిచి ఎదుటి దీపాన్ని మొదట చూచేవాడు లస్కరు. చుక్కాని చక్రం పట్టి ఓడను కుడికో ఎడమకో త్రిప్పేవాడు లస్కరు. ఆ దీపం కనబడినప్పుడు కుడికే ఎందుకు తిరగవలెనో చెప్పే పుస్తకం మాత్రం అతనికి అందుబాటులో లేదు. అతనికి కన్ను, చేయి మిగిలినవి, నిర్ణయం మరొకరిది. పైగా ఆజ్ఞలే తలక్రిందులుగా ఉండేవి. పూర్వం చుక్కానిని త్రిప్పే పిడిని ఒకవైపు నెట్టితే ఓడ రెండవవైపు తిరిగేది. పిడి పోయి చక్రం వచ్చిన తరువాత కూడ బ్రిటిష్ ఓడలలో ఆజ్ఞ పిడినిబట్టియే కొనసాగినది. 1912లో టైటానిక్ ఓడమీద కుడి అని వినబడిన ఆజ్ఞకు ఓడ ఎడమకు తిరిగినది. ఆనాటి పద్ధతి ప్రకారం అది సరియైన అమలే. 1930ల ఆరంభంలోగాని ఈ చిక్కు తొలగలేదు. కారణం తెలియక ఆజ్ఞను మాత్రమే వినే మనిషికి ఇటువంటి భాషలో పనిచేయడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఒకనాడు ముఅల్లిం అనే గురుస్థానం ఉన్న సముద్రంమీద, అతని వారసులు శిష్యులుగా కూడ అంగీకరింపబడలేదు.

కనుక జాతీయోద్యమకాలంలో ఓడలు కావలెనన్న కోరికతో బాటు ఓడ నడిపే చదువు కావలెనన్న కోరికా వచ్చినది. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీవారి లాయల్టీ నౌక బొంబాయినుంచి లండనుకు బయలుదేరినది. ఆ తేదీనే తరువాత జాతీయ నౌకాయాన దినంగా పాటిస్తున్నారు. సొంత ఓడ ఉన్నంతమాత్రాన సొంత నాయకుడు దొరకడని వెంటనే తెలిసినది. 1922లో సర్ పి. ఎస్. శివస్వామి అయ్యర్ కేంద్ర శాసనసభలో భారతీయ వాణిజ్యనౌకాదళాన్ని గూర్చి తీర్మానం తెచ్చినారు. 1923లో కెప్టెన్ హెడ్‌లమ్ అధ్యక్షతన ఒక సంఘం నియమింపబడి, భారతీయ యువకుల కొరకు శిక్షణనౌక ఏర్పరుపవలెనని సూచించినది. ఫలితంగా 1927లో, పూర్వం సైనికులను చేరవేసిన డఫ్రిన్ అనే ఓడ బొంబాయి రేవులో లంగరువేసి పాఠశాల అయినది.

డఫ్రిన్ మొదటి బృందంలోని విద్యార్థి రామదాస్ కటారి. 1958లో భారత నౌకాదళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు ఆయనే. 31 ఏండ్ల వ్యవధిలో విద్యార్థి బల్లనుంచి నౌకాదళాధిపత్యం వరకు సాగిన ఆ దారిని చూస్తే, అడ్డంకి శక్తిలో లేదనీ, అవకాశంలోనే ఉన్నదనీ స్పష్టమవుతుంది. 1941 జూన్ 21న విశాఖపట్టణంలో బాబూ రాజేంద్రప్రసాద్ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసినారు. 1948 మార్చి 14న అక్కడ నిర్మితమైన జలఉష నౌకను పండిత నెహ్రూ నీటిలోకి విడిచినారు. అదే సంవత్సరం నౌకాధికారుల పైచదువుకు బొంబాయిలో కళాశాల ఏర్పడినది. 1958లో భారత పార్లమెంటు సొంత వాణిజ్యనౌకాయాన చట్టం చేసినది. ఓడ, నాయకుడు, శాసనం మూడూ ఒక తరంలో స్వదేశీయమైనవి.

ఈలోగా సముద్రంమీద మరొక కొత్త సాధనం వచ్చినది. రాడార్ ఉన్న ఓడకు పొగమంచు అడ్డుకాదని రెండవ ప్రపంచయుద్ధం తరువాత పలువురు తలచినారు. 1956 జూలై 25 రాత్రి అమెరికా తూర్పుతీరాన నాంటకెట్ సమీపంలో ఇటలీకి చెందిన ఆండ్రియా డోరియా, స్వీడనుకు చెందిన స్టాక్‌హోమ్ అనే ప్రయాణికుల నౌకలు రెండూ ఒకదానినొకటి రాడార్‌లో చూచినవి. చూచి కూడ ఢీకొన్నవి. ఇటలీ నౌక కుడివైపులు ఎదురుగా దాటుదామని ఎడమకు జరిగినది. స్వీడిష్ నౌక ఎడమవైపులు ఎదురుగా దాటుదామని కుడికి జరిగినది. 51 మంది మృతిచెందినారు. 1,600 మందికి పైగా రక్షింపబడినారు. యంత్రం చుక్కను చూపినది. ఆ చుక్క ఉద్దేశాన్ని చూపలేదు. ఉద్దేశాన్ని చూపగలిగినది ఉభయులకూ ఉమ్మడియైన నియమం, దానిని తెలియజేసే స్ఫుటమైన చర్య మాత్రమే. 1960లో లండనులో జరిగిన సభ రాడార్ వాడకాన్ని గూర్చిన సూచనలను నియమావళికి చేర్చినది.

ఇప్పుడు అమలులో ఉన్న అంతర్జాతీయ నియమావళి 1972 అక్టోబరు 20న లండనులో అంగీకరింపబడి, 1977 జూలై 15న అమలులోకి వచ్చినది. తరువాతి సవరణలతో నియమాల సంఖ్య 41 అయినది. ఇందులోని ఐదవ నియమం ప్రతి ఓడా ఎల్లవేళలా కంటితో, చెవితో, లభ్యమైన సాధనాలన్నిటితో తగిన కావలి ఉంచవలెనని విధిస్తుంది. అక్బరు కాలపు పంజరీ చేసిన పని ఇదియే. రెండవ నియమం మరింత లోతైనది. నియమాన్ని అక్షరాలా పాటించినాననే సాకుతో నావికోచితమైన జాగ్రత్తను విడిచినవాడు బాధ్యతనుంచి తప్పించుకోలేడనీ, తక్షణాపాయం తప్పించడానికి నియమాన్ని అతిక్రమించవలసివస్తే అతిక్రమించవలెననీ అది చెబుతున్నది. నిలకడగా పోవలసిన ఓడ కూడ, ఎదుటివాడు తొలగడం లేదని తెలిసినప్పుడు తానుగా తప్పుకోవచ్చును. అతడొక్కడు తొలగినంతమాత్రాన తాకిడి తప్పదని తేలినప్పుడు తప్పుకొనియే తీరవలె. దారి తనదన్న హక్కును ఈ నియమావళి ఎవరికీ ఇవ్వలేదు. ఒకనికి తొలగే విధిని, మరొకనికి నిలిచే విధిని పంచినది.

ఈ విధి పెద్ద ఓడలకే పరిమితమైతే విషయం ఇంతటితో ముగిసేది. కాని తీరజలాలలో వేలకొలది చేపల పడవలు ఉన్నవి. వలవేసి ఉన్న పడవ సులువుగా మళ్లలేదు కనుక, యంత్రపు ఓడ దానికి తొలగవలె. రాత్రి వలను ఈడ్చుకొనిపోయే పడవ తెలుపుపైన ఆకుపచ్చ దీపాన్ని, మరొక విధమైన వలగలది తెలుపుపైన ఎర్రదీపాన్ని చూపవలె. ఇరుకు కాలువలో పోయే ఓడలకు మాత్రం చేపల పడవ అడ్డురాకూడదు. ఇక్కడ కూడ విధి రెండువైపులా ఉన్నది. పెద్ద ఓడ అధికారికి ఈ దీపాల అర్థం పరీక్షలో అడుగుతారు. పడవలో అమరం దగ్గర కూర్చున్నవానికి ఆ దీపం ఎందుకు పెట్టవలెనో అతని భాషలో చెప్పనిదే చదువు సగమే అయినట్లు. లస్కరు విషయంలో జరిగిన పొరపాటు ఈ రూపంలో మళ్లీ రాకూడదు. తాకిడి ఫలితం ఓడలవారితో ఆగదు. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు రేవు వెలుపల బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఢీకొని చిక్కని నూనె తీరానికి కొట్టుకొని వచ్చినది. ఒడ్డున బాల్చీలతో దానిని ఎత్తిపోసినవారిలో మత్స్యకారులు ఉన్నారు, విద్యార్థులు ఉన్నారు. ఆ ఓడలు నడిపినవారు కారు.

డఫ్రిన్ స్థానంలో 1972లో రాజేంద్ర నౌక, 1993లో నవీముంబయిలో ఒడ్డుమీదనే చాణక్య శిక్షణాలయం వచ్చినవి. 2008లో చెన్నై కేంద్రంగా భారత సముద్రయాన విశ్వవిద్యాలయం ఏర్పడినది. విశాఖపట్టణంలో దానికి ఒక ప్రాంగణం ఉన్నది. నేటి విద్యార్థులు గదిలోనే కృత్రిమ సముద్రాన్ని సృష్టించే యంత్రాలముందు నిలిచి ఓడలను తప్పించడం అభ్యసిస్తున్నారు. అయినా మొదటి పాఠం పాతదే. దూరాన కనబడిన ఓడ దిశను దిక్సూచితో కొలిచి, కొంతసేపటికి మళ్లీ కొలవవలె. దిశ మారుతూ ఉంటే ఆ ఓడ దాటిపోతుంది. దూరం తగ్గుతున్నా దిశ మారకపోతే అది మీదికి వస్తున్నదన్నమాట. మారినదో లేదో సందేహంగా ఉన్నదా, అపాయం ఉన్నదనియే భావించవలె. నియమావళి ఏడవ నియమం ఈ మాట స్పష్టంగా చెబుతున్నది. మనువు దైవానికి వదలిన భాగాన్ని మనిషి జాగ్రత్తతో కొంచెం కొంచెంగా తగ్గించుకొంటూ రావడమే ఈ నియమాల చరిత్ర. ఆ జాగ్రత్త ఓడమీది నాయకునికి ఎంత అవసరమో, చిన్నపడవలో దీపం వెలిగించేవానికీ అంతే అవసరం.